3వ ర్యాంక్ టెక్సాస్‌కి 5వ సీడ్ ఎందుకొచ్చిందంటే

బ్రో, 2024 అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్‌లో 3వ ర్యాంక్ టెక్సాస్ 5వ సీడ్‌కి ఎలా పడింది, 9వ ర్యాంక్ బోయిసీ స్టేట్ 3వ సీడ్‌కి ఎలా ఎక్కింది, చార్ట్ తప్పా అని అడిగావు కదా. చార్ట్ కరెక్టే. ర్యాంక్ అంటే సెలక్షన్ కమిటీ టీములకిచ్చే స్థానం, సీడ్ అంటే ప్లేఆఫ్ (చివరి నాకౌట్ టోర్నీ) డ్రాలో స్థానం, రెండూ వేరు, అక్కడే అందరూ తికమక పడతారు.

ఆ ఏడాదే ప్లేఆఫ్ 4 టీముల నుంచి 12కి పెరిగింది, కాన్ఫరెన్స్ (కొన్ని టీములు కలిసి ఆడే లీగ్) ఛాంపియన్లలో ర్యాంకు ప్రకారం టాప్ 5కి చోటు గ్యారంటీ, అందులో మొదటి 4కి టాప్ 4 సీడ్లు, ఫస్ట్ రౌండ్ ఆడక్కర్లేదు. అవి ఒరెగన్, జార్జియా, బోయిసీ స్టేట్, అరిజోనా స్టేట్. టెక్సాసేమో ఎస్ఈసీ అనే కాన్ఫరెన్స్ ఫైనల్లో జార్జియా చేతిలో ఓవర్‌టైమ్‌లో 22-19తో ఓడింది, ఛాంపియన్ కాదు కాబట్టి ఎంత మంచి ర్యాంకున్నా 5 కంటే పైకి రాదు.

ఇంకా గట్టి ఉదాహరణ క్లెమ్సన్. ఏసీసీ అనే ఇంకో కాన్ఫరెన్స్ ఫైనల్లో ఎస్ఎంయూ టీమ్ మీద స్కోర్ 31-31, టైమ్ అయిపోతుంటే 56 గజాల ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని గోల్ పోస్టుల మధ్య నుంచి పంపడం) కొట్టి గెలిచారు, నాకైతే ఆ సీజన్ మొత్తానికి అదే బెస్ట్ కిక్. ఆ ఒక్క కిక్‌తో ఛాంపియన్ అయిన ఈ 16వ ర్యాంక్ టీమ్ ప్లేఆఫ్ లోపలికి, 11వ ర్యాంక్ అలబామా బయటికి.

నీ షీట్‌లో ర్యాంక్‌కి ఒక కాలమ్, సీడ్‌కి ఇంకో కాలమ్, ఛాంపియనా కాదా అని మూడోది పెట్టు, లెక్క సరిపోతుంది. 2025కి మాత్రం ఇదే ఫార్ములా వాడకు, ఛాంపియన్లకి టాప్ 4 సీడ్ల రూల్ తీసేశారు.