పొలం అమ్మొద్దు, కారు ర్యాలీలు తగ్గించుకో

ఒంగోలు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే ఏడు ప్రపంచ కారు ర్యాలీల్లో ప్రైవేటుగా, అంటే కంపెనీ టీము లేకుండా సొంత డబ్బుతో, ఎంట్రీ వేస్తున్నావట, దానికోసం కందుకూరు పొలం మూడెకరాలు బేరం పెట్టావట. ఏడవలేదు. "నా మాట ఎట్టాగూ వినడు, నువ్వు చెప్పన్నా" అని మాత్రం అంది. ఫోన్లో అయితే నన్ను సగంలో ఆపేస్తావు, అందుకే రాస్తున్నా. మొత్తం చదువు.

వెళ్ళొద్దని చెప్పడానికి కాదురా. నువ్వు వెళ్ళాలని నాకూ ఉంది. మన ర్యాలీ డ్రైవరు గౌరవ్ గిల్ 2013లో ఆసియా పసిఫిక్ ర్యాలీ టైటిల్ గెలిచి, మళ్ళీ 2016లో, 2017లో కొట్టినప్పుడు నా మెకానిక్ షెడ్డులో పిల్లలందరికీ స్వీట్లు పంచా. 2019లో ఆయనకి అర్జున అవార్డు ఇచ్చారు. మోటార్ స్పోర్ట్‌లో దాన్ని అందుకున్న మొదటివాడు ఆయనే. బండి తోలడం నీకు వచ్చు, అది నేను కళ్ళారా చూశా. నా దిగులంతా డబ్బు గురించే.

కంపెనీ టీము బండి చెట్టుకి గుద్దుకుంటే పై ర్యాలీకి ఇంకో బండి వస్తుంది. నీకు సస్పెన్షన్ ఆర్మ్ వంగితే అది పై ర్యాలీకి దాచుకున్న డబ్బులోంచి పోతుంది. అందుకని లెక్క చివరి నుంచి వెయ్యి. ఆఖరి ర్యాలీకి ఎంట్రీ ఫీజు, టైర్లు, టికెట్లు, మెకానిక్కుల తిండి, పడక, అన్నీ ముందే పక్కన పెట్టు. దాని ముందుదానికి పెట్టు. అట్టా వెనక్కి వస్తూ ఉంటే డబ్బు ఎక్కడ అయిపోయిందో అక్కడే నీ సీజన్ మొదలు. నాలుగు ర్యాలీలు వస్తే నాలుగే. నీలాంటి ప్రైవేటు వాళ్ళు పోటీ చేసే కింది తరగతుల్లో అన్ని రౌండ్లూ తిరగాలని ఎవరూ అనరు, కొన్ని ఎంచుకుంటే చాలు. పొలం మీదికి పోవాల్సిన పనే లేదు.

2020 గుర్తుందా? డబ్ల్యూఆర్‌సీ3 అనే కింది తరగతిని ఆ ఏడు ప్రైవేటు వాళ్ళ కోసం పెట్టారు. స్వీడన్‌లో మంచు లేక కొన్ని స్టేజీలు, అంటే టైము కట్టే రోడ్డు ముక్కలు, ఎత్తేశారు. కరోనా వచ్చి మెక్సికోని ఒక రోజు ముందే ముగించారు. కెన్యా రద్దయింది. చివరికి జరిగినవి ఏడు ర్యాలీలు, ఆఖరిది డిసెంబరులో మోంజాలో. ఆ తరగతి టైటిల్ ఫిన్లాండ్ కుర్రాడు యారి హుట్టునెన్‌కి దక్కింది. నేను చూసిందేంటంటే, అట్టాంటి ఏడాదిలో ప్రైవేటు వాడు ఆఖరి ర్యాలీ దాకా నిలబడాలంటే చేతిలో డబ్బు మిగిలుండాలి.

ఇప్పుడు ఆ డబ్ల్యూఆర్‌సీ3 ర్యాలీ3 అనే చిన్న రకం బండ్లది. నువ్వు అంతకంటే పెద్ద రకం ర్యాలీ2 అంటున్నావని విన్నా. 1.6 లీటర్ల టర్బో ఇంజిను, 1230 కిలోల బండి, చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. కానీ ఆ తరగతిలో కంపెనీల అండ ఉన్నవాళ్ళే చాలామంది ఉంటారు. ర్యాలీ3లో కూడా నాలుగు చక్రాలూ లాగుతాయి, ఫోర్డ్ ఫియెస్టాకైతే ఇంజిను 1.5 లీటర్లు, మూడు సిలిండర్లు. ఆ ఫియెస్టానో, రెనో క్లియోనో అద్దెకి తీసుకో. పాయింట్ల లెక్క చూడు: మొదటివాడికి 25, మూడోవాడికి 15. మూడు ర్యాలీల్లో మూడోవాడిగా వస్తే 45. ఒకటి గెలిచి రెండింట్లో బండి ఆగిపోతే 25. గులకదారి ర్యాలీల్లో చాలామంది దారిలోనే ఆగిపోతారు. బండిని ముగింపు రాంపు మీదికి ఎక్కించడమే నీ మొదటి పని అనుకో.

అద్దె కాగితం మీద సంతకం పెట్టే ముందు నాకు పంపు. డ్యామేజీ ఎంతవరకు నీది, ఎంతవరకు వాళ్ళది, గేర్‌బాక్సు దానంతటది పోతే ఎవరు కట్టాలి, టెస్టు కిలోమీటర్లు ఎన్ని, ఈ నాలుగూ అంకెల్లో ఉండాలి. "తర్వాత చూసుకుందాం" అన్న మాటకి నేను ఒకసారి రెండేళ్ళ షెడ్డు సంపాదన కట్టా.

ఇక్కడినుంచి సామాను తీసుకుపోయేట్టయితే చాలా దేశాలకి ఏటీఏ కార్నే కావాలి, అంటే సుంకం కట్టకుండా సామాను తీసుకుపోయి వెనక్కి తెచ్చుకునే కాగితం. మన దేశంలో దాన్ని ఫిక్కీ అనే వ్యాపార సంఘం ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది. ప్రతి వస్తువూ నంబరుతో సహా రాయాలి, సరిహద్దు దాటినప్పుడల్లా ముద్ర వేయించుకోవాలి. మలేషియా ర్యాలీకి ఒక ప్రైవేటు టీముతో సర్వీసుకి పోయినప్పుడు గేర్‌బాక్సు నంబరులో ఒక అంకె తప్పు రాశాం. తప్పు మాదే, నా చేతిరాతే. రెండు రోజులు రేవులో ఆగింది. పాత గేర్‌బాక్సుతోనే మొదలుపెట్టాం, రెండో రోజు పొద్దున రబ్బరు తోటల మధ్య మూడో గేరు పోయింది. మా డ్రైవరు బండి దిగి తోట గట్టు మీద కూర్చున్నాడు. ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తే. నీ సామాను జాబితా నువ్వొకసారి, బండిలో పక్కన కూర్చుని దారి చదివే నీ నావిగేటరొకసారి, వేరే వేరే చోట్ల కూర్చుని చూడండి.

నావిగేటరు సంగతి. ఇంజినుకి పెట్టే డబ్బులో ఎంతో కొంత తీసి అతని మీద పెట్టు. పోటీకి ముందు దారి చూసుకునే రెక్కీలో ఒక్కో స్టేజీ రెండుసార్లే చూడనిస్తారు, అదీ మామూలు వేగంతోనే. మొదటిసారి నువ్వు చెప్తే అతను రాస్తాడు, రెండోసారి అతను చదివితే నువ్వు దిద్దుతావు. ఆ పుస్తకమే మీ కళ్ళు. మీ ఇద్దరూ నిద్రలో కూడా తడుముకోకుండా పట్టుకునే మాటలే వాడండి. మేము "ఎడం", "కుడి" అనే వాళ్ళం, మలుపు ముందుకి పోయే కొద్దీ బిగిస్తే "బిగుసు", వదిలితే "విప్పు". రెండక్షరాలు, మూడక్షరాలు, ఇంజిను మోతలో కూడా ఒకదానికొకటి కలవ్వు. ఇంగ్లీషులో రాసుకున్నా సరే, కానీ ఒకే మాటకి ఒకే అర్థం.

సాధన ఇక్కడే చెయ్యండి. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే నల్లమల ఘాట్‌కి పోండి, ఉదయగిరి చుట్టూ కొండదార్లకి పోండి. వేగం నలభై దాటొద్దు. ఆ రోడ్ల మీద బస్సులు తిరుగుతాయి, గొర్రెలు తిరుగుతాయి. నువ్వు తోలుతూ చెప్పు, అతను రాయాలి. మర్నాడు అదే దారిలో, అదే దిక్కుకి, అతను చదివేది నీ ముందు కనపడే మలుపుకంటే ఒకటి ముందుండాలి. చదివింది మలుపుతో కలిసినా ఆలస్యమే. నెలరోజులు ఇదే చేస్తే ఐరోపాలో ఖరీదైన టైర్లు అరగదీసి నేర్చుకునేది ఇక్కడ పెట్రోలు ఖర్చుతో వస్తుంది.

మంచు ర్యాలీల జోలికి మొదటి ఏడు పోవద్దు. మేకుల టైర్లు, మంచుగట్లు చిన్నప్పటినుంచీ చూసినవాళ్ళతో మనకెందుకు? సార్డీనియా, గ్రీసు, కెన్యా లాంటి దుమ్మూ రాళ్ళూ ఉన్నవి ఎంచుకో. అవి నీకు కొత్త కాదు. చీమకుర్తి క్వారీల్లో టిప్పర్లు తిరిగిన దారి చూశావు గదా, రెండు లోతైన గాడులు, మధ్యలో గట్టు, లోపలి అంచున పైకి లేచిన రాళ్ళు. పెద్ద బండ్లు ముందు పోయి వదులు గులకని ఊడుస్తాయి, నీ వంతు వచ్చేసరికి స్టేజీ సరిగ్గా అట్టాగే ఉంటుంది. మధ్యాహ్నం రెండోసారి వచ్చినప్పుడు ఇంకా ఘోరం. గాడిలో పడ్డాక దాంతోనే పో, లోపలి అంచు ఎక్కొద్దు. ఇంజిను కింద కాపాడే రేకు, సంప్ గార్డ్, దాని బోల్టులు ప్రతి సర్వీసులో బిగించమను. పొద్దున సర్వీసు 15 నిమిషాలు, రాత్రి 45. ఎవరు ఏ చక్రం దగ్గర నిలబడాలో ముందే పంచుకోండి.

హాజరు వేయించుకునే చోటు, టైమ్ కంట్రోల్‌కి నిమిషం ఆలస్యమైతే 10 సెకన్లు పడతాయి, నిమిషం ముందొస్తే ఏకంగా ఒక నిమిషం. ఆ గడియారం నావిగేటరుదే, నువ్వు కల్పించుకోవద్దు.

ఎక్కడైనా ఆగిపోతే ముందు ఎర్ర త్రికోణం తీసుకుని 50 మీటర్లు వెనక్కి పరిగెత్తి పెట్టాలి. బాగున్నారంటే ఓకే బోర్డు, దెబ్బ తగిలుంటే ఎస్ఓఎస్. బెల్టులు విప్పడం, త్రికోణం పెట్టడం షెడ్డు ముందర ఇరవైసార్లు చేసి చూసుకోండి. ఇది నేను అడుగుతున్నా అనుకోకు, మీ అమ్మ అడుగుతోంది.

ఆదివారం కర్నూలు రోడ్డు షెడ్డుకి రా. అద్దె కాగితం, నీ డబ్బు లెక్క, నావిగేటరు పిల్లోడు, మూడూ వెంట తెచ్చుకో. పొలం బేరానికి వచ్చినాయనకి రేపే ఫోన్ చేసి వద్దని చెప్పు. చెప్పాక మీ అమ్మకి చెప్పు.

మీ మామయ్య