డర్బన్ నుంచి ఒక్కరోజు అడవి ప్రయాణం: నేను తప్పిన లెక్కలు

ప్రశ్న: మేము దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు వచ్చి మూడు నెలలైంది. జూలైలో మా అమ్మానాన్నలు కాకినాడ నుంచి వస్తున్నారు. హ్లుహ్లువే–ఇంఫోలోజి అభయారణ్యాన్ని ఒక్కరోజులో చూసి రావచ్చునా? సొంత కారులో వెళ్ళడం మంచిదా, టూరు మాట్లాడుకోవడం మంచిదా?

జవాబు: చూసి రావచ్చును. అయితే మీరు అనుకుంటున్న ఒక్కరోజు వేరు, అడవి ఇచ్చే ఒక్కరోజు వేరు. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు రెండు ప్రయాణాలూ, చెప్పుకోవడానికి సిగ్గుపడేంత డబ్బూ ఖర్చయ్యాయి. ఇప్పుడు డర్బన్‌కు కొత్తగా వచ్చే మనవాళ్ళు అడవికి బయలుదేరే ముందు నాకొకసారి ఫోన్ చేయడం ఆనవాయితీ అయిపోయింది కనుక, మీకు కాస్త వివరంగానే చెబుతాను. ముందుగా ఆ పేరును మన హల్లులతో కుస్తీ పట్టి పలకకండి. దాదాపు ‘ష్లుష్లువే’ అంటే గేటు దగ్గర అర్థమవుతుంది.

నేను వచ్చిన మొదటి సంవత్సరమే మా అత్తగారూ మామగారూ నరసరావుపేట నుంచి వచ్చారు. ఆ రోజుల్లో నేను ఇక్కడి డబ్బైన ప్రతి రాండునూ ఐదుతో హెచ్చవేసి రూపాయల్లోకి మార్చుకొని గాని జేబులో చేయి పెట్టేవాణ్ణి కాను. మీరూ ఇప్పుడు అదే చేస్తూ ఉంటారని ఊహిస్తున్నాను. ఒక టూరు సంస్థవారు మనిషికి ఇంతని డాలర్లలో ధర చెప్పగానే, దాన్ని మొదట రాండ్లలోకీ ఆపైన రూపాయల్లోకీ మార్చి, ఐదుగురితో హెచ్చవేసి, ఆ అంకెను మా ఆవిడకు చూపించి, ‘ఈ డబ్బుతో తిరుపతికి ఐదుసార్లు వెళ్ళి రావచ్చు’ అన్నాను. తరువాత ఊళ్ళో అన్నిటికన్నా చౌకైన కారును అద్దెకు తీసుకొని, నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

డర్బన్ నుంచి అభయారణ్యం సుమారు 280 కిలోమీటర్లు. ఎన్2 రహదారి మీద మూడు గంటలకు పైగా పడుతుంది. టొంగాట్, మ్వోటి, మ్టున్జిని దగ్గర మూడు టోల్ గేట్లు వస్తాయి. వీటిలో ఏదీ నా లెక్కలో లేదు. ఇడ్లీలు పెట్టుకొని, పులిహోర కలుపుకొని, ఫ్లాస్కులో కాఫీ పోసుకొని ఇల్లు కదిలేసరికి ఎనిమిది దాటింది. గేటు దగ్గర ఇక్కడ నివసించేవారికి ఒక రుసుము, బయటివారికి మరొక రుసుము ఉంటాయని అప్పుడే తెలిసింది. ఇక్కడ నివసించడానికి ఇచ్చిన నా అనుమతిపత్రం ఇంట్లో బీరువాలో భద్రంగా ఉన్నందువల్ల అందరికీ పెద్ద రుసుమే కట్టాను. లోపల గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. మేము లోపలికి వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం; ఆ వేళలో బుద్ధి ఉన్న జంతువేదీ నీడ వదిలి రాదు. మూడు గంటలు తిరిగి ఇంపాలా జింకలనూ, ఒక అడవి పంది వీపునూ, మరికొన్ని ఇంపాలాలనూ చూశాము. మామగారు మర్యాదస్తులు కనుక ‘జింకలు బాగున్నాయి’ అన్నారు. గేటు మూసేవేళ తరుముకొస్తుంటే మట్టిదారిలో వేగంగా తిప్పి టైరు చీల్చుకున్నాను. టైర్లకూ అద్దాలకూ బీమా వర్తించదని అద్దె ఒప్పందంలో సన్నని అక్షరాలతో రాసి ఉన్న వాక్యాన్ని కారు తిరిగి ఇచ్చేటప్పుడు మొదటిసారి చదివాను. చీకట్లో రోడ్డు మీద ఆవులను తప్పించుకుంటూ ఇల్లు చేరి లెక్క వేస్తే, టూరువారు అడిగిన మొత్తంలో ముప్పాతిక వంతు అప్పటికే అయిపోయింది. చూసినవేమో జింకలు.

ఆ మరుసటి వారం, ఇక్కడ నాలుగు తరాలుగా ఉన్న ఒక తెలుగు పెద్దాయనకు ఈ గోడు చెప్పుకున్నాను. ఆయనకు తెలుగు రెండు మూడు ముక్కలే వచ్చు. వారి ముత్తాత మద్రాసు రేవులో ఓడ ఎక్కి చెరకు తోటల్లో ఒప్పందకూలీగా వచ్చాడు. 1860లో మొదలై 1911లో ఆగిన ఆ వలసలో లక్షా యాభై వేలమందికి పైగా వచ్చారు. తొలి ఒప్పందాల్లో మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. ఆయన నవ్వి, ‘నీ జీతం రాండ్లలో వస్తుంది, నీ ఖర్చు రాండ్లలో అవుతుంది, మధ్యలో రూపాయి ఎందుకొచ్చింది?’ అని అడిగారు. నాకు కోపం వచ్చిన మాట నిజమే గాని, ఆ రోజు నుంచి ఐదుతో హెచ్చవేయడం మానేశాను. మీరు కూడా మానేస్తే తప్ప ఈ దేశంలో ఏ ఖర్చు దండుగో, ఏది కాదో మీకు తెలియదు.

రెండోసారి చేసిందే మీకు నేనిచ్చే సలహా. ముందురోజు సాయంత్రమే అడవికి దగ్గరి ఊళ్ళైన సెయింట్ లూసియాకో మ్టుబటుబాకో చేరి, సాదా గెస్ట్ హౌస్‌లో ఒక రాత్రి పడుకోండి. అక్కడినుంచి అభయారణ్యపు న్యాలాజి గేటు దగ్గరే. గైడుతో కూడిన తెరిచిన జీపును డర్బన్ నుంచి కాక అక్కడినుంచే మాట్లాడుకుంటే, ఆరు వందల కిలోమీటర్ల వ్యాను కిరాయి మీ బిల్లులో పడదు. గది అద్దె కలిపినా డర్బన్ టూరుకన్నా నాకు తక్కువే అయింది. రెండు లెక్కలూ ఒకే కాగితం మీద పక్కపక్కన వేసి చూసుకోండి. నేను ఇప్పటికీ అలాగే వేస్తాను. పైగా మీ అమ్మానాన్నలు తెల్లవారుజామున మూడింటికి లేవనవసరం లేదు.

గైడుకు ఇచ్చే డబ్బు జంతువును చూపించినందుకు మాత్రమే కాదు. నేను మూడు గంటలు వృథాగా తిరిగిన దారిలోనే, ఖడ్గమృగం వీపు రాసుకొని నున్నగా చేసిన మొద్దును, పేడకుప్పను చూపించి, అది ఎటు వెళ్ళి ఉంటుందో మా గైడు చెప్పాడు. 1895లో ప్రకటించిన ఈ అడవి ఆఫ్రికాలోని అతి పాత అభయారణ్యాల్లో ఒకటి. అంతకుముందు అది జూలూ రాజుల వేటభూమి. నల్ల ఇంఫోలోజి, తెల్ల ఇంఫోలోజి నదులు కలిసేచోట జూలూ రాజు షాకా మనుషులు గోతులు తవ్వి, జంతువులను అటు తరిమి పట్టేవారని చెబుతారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెల్ల ఖడ్గమృగాలు వందకు లోపే మిగిలితే, అవీ దాదాపుగా ఇక్కడే మిగిలాయి. 1960ల్లో ఇక్కడి అటవీ అధికారి ఇయాన్ ప్లేయర్ బృందం వాటిని మత్తుసూదులతో పట్టి ఇతర అడవులకు పంపడం వల్లనే దక్షిణాఫ్రికాలో ఇతరచోట్ల ఇవాళ అవి కనిపిస్తున్నాయి. సింహాల సంగతి మరీ ముచ్చటైనది. అవి ఇక్కడ ఎప్పుడో అంతరించగా, 1958లో ఒక మగసింహం ఎక్కడినుంచో ఒంటరిగా నడిచి వచ్చింది. తరువాత అధికారులు బయటినుంచి ఆడసింహాలను తెప్పించారట. మనలో చాలామంది ఈ దేశానికి వచ్చిన పద్ధతి ఇదే కదా అని నేను మా ఆవిడతో అన్నాను, ఆమె నవ్వలేదు.

ఇప్పుడు మీకు కనిపించే ఖడ్గమృగాల్లో చాలావాటికి కొమ్ము ఉండదు. 2023లో ఈ ఒక్క అభయారణ్యంలోనే మూడు వందలకు పైగా ఖడ్గమృగాలను దొంగవేటగాళ్ళు చంపడంతో, 2024 నుంచి అధికారులే మత్తు ఇచ్చి కొమ్ములు కోస్తున్నారు. కొమ్మనేది గోరు వంటి పదార్థమే కనుక అది మళ్ళీ పెరుగుతుంది. ఖడ్గం లేని ఖడ్గమృగాన్ని చూడడానికి ఇంత డబ్బు పెట్టామా అని మీ నాన్నగారు అడిగితే, ఖడ్గం లేదు కనుకనే మృగం మిగిలిందని చెప్పండి.

తిరిగి వచ్చేటప్పుడు క్వాడుకుజాలో ఆగండి. పాత పటాల్లో స్టాంగర్ అని ఉండే ఊరు అదే. షాకా రాజధాని అక్కడే ఉండేది. 1828లో సవతి తమ్ముళ్ళ చేతిలో ఆయన చనిపోయిందీ అక్కడే. ఊరు నడిబొడ్డున స్మారకశిల ఉంది. చుట్టూ కనిపించే చెరకు తోటలు ఒకప్పుడు మన కూలీలు నరికినవే. కాఫీకి ఎలాగూ ఆగుతారు కనుక, దీనికోసం అదనంగా పెట్రోలు తగలదు.

గేటు వేళలూ, రుసుములూ, మలేరియా జాగ్రత్తలూ కాలాన్నిబట్టి మారుతుంటాయి. అధికారిక వెబ్‌సైటులోనూ డాక్టరు దగ్గరా చూసుకోండి. ఇక్కడ జూలై అంటే వానలు లేని చలికాలం కనుక గడ్డి పలచబడి జంతువులు బాగా కనిపిస్తాయి గాని, తెరిచిన జీపులో తెల్లవారుజామున ఆ చలిని కాకినాడవారు తట్టుకోలేరు. శాలువలు ఇంటినుంచే పట్టుకెళ్ళండి, అక్కడి దుకాణంలో కొనకండి. పులిహోర పొట్లాలు విప్పేముందు చెట్ల మీదికి ఒకసారి చూడండి, కోతులుంటాయి. మ్టుబటుబాలోనే ట్యాంకు నింపుకోండి. మీ అనుమతిపత్రం ఏ రుసుము కిందికి వస్తుందో ఫోన్ చేసి అడిగి, దాని అసలు ప్రతిని రాత్రే కారులో పెట్టుకోండి.