రీలా మఠానికి అమ్మానాన్నలను తీసుకువెళ్లే ముందు

ప్రశ్న: ఉద్యోగానికి బల్గేరియా రాజధాని సోఫియా వచ్చి నాలుగు నెలలైంది. వచ్చే నెలలో హన్మకొండ నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. వారికి ఇక్కడి పాత క్రైస్తవ మఠం, రీలా మఠం చూపించాలని ఉంది. ఎలా వెళ్లాలి? ఎంత ఖర్చవుతుంది? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ఖర్చు మాటను మీరు మధ్యలో అడిగారు గాని, మొదట అడగవలసింది అదే. 2012లో నేనూ అడిగాను, జవాబును మాత్రం తలకిందులుగా అర్థం చేసుకున్నాను. సోఫియా నుంచి మఠం సుమారు 120 కిలోమీటర్లు. టాక్సీ డ్రైవరు 150 లెవాలు (అప్పటి ఇక్కడి డబ్బు) అన్నాడు. "రానూపోనూ కలిపేనా?" అని సైగలతో అడిగితే తల కిందికీ పైకీ ఊపాడు. సరేనన్నాడనుకుని నిశ్చింతగా ఎక్కి కూర్చున్నాను. ఈ దేశంలో అలా ఊపితే "కాదు" అని అర్థం, అడ్డంగా ఊపితే "అవును" అని. సాయంత్రం దిగేటప్పుడు 300 అడిగాడు. ఆనాటి లెక్కన అది పదివేల రూపాయల పైమాట. అతను అబద్ధమాడలేదు కాబట్టి తగవులాడడానికీ వీల్లేకపోయింది. నాకంటే ముందు వచ్చినవారెవరూ నాకీ సంగతి చెప్పలేదు, నేను మీకు చెబుతున్నాను. తల చూడకండి, మాట వినండి: "దా" అంటే అవును, "నే" అంటే కాదు. ఆ "దా" మన రమ్మనే "దా" కాదు సుమా.

నేరుగా వెళ్లే బస్సులు బహు తక్కువ, వేళలు ముందురోజే కనుక్కోండి. పెద్దవాళ్లతో వెళుతున్నారు కాబట్టి మరో తెలుగు కుటుంబంతో కలిసి కారు అద్దెకు తీసుకోవడం మేలు. మఠం ఆవరణలోకి టిక్కెట్టు లేదు, మ్యూజియానికి ఉంది. టాక్సీకి అంత పోసిన బాధలో ఆ కాస్త డబ్బు మిగుల్చుకుందామని నేను మ్యూజియం గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. అక్కడ రఫాయిల్ అనే సన్యాసి ఒకే చెక్కముక్కలో చెక్కిన శిలువ ఉంది. అందులో 104 ఘట్టాలు, దాదాపు 650 బొమ్మలు. మనుషులు కొందరు బియ్యపు గింజంతే ఉంటారు. పన్నెండేళ్లు చెక్కి 1802లో ముగించేసరికి ఆయన చూపు పోయింది. మూడేళ్ల తరువాత దాన్ని చూసినప్పుడు నా పొదుపు మీద నాకే చిరాకు కలిగింది. ఆ టిక్కెట్టు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

మఠం పదో శతాబ్దం నాటిదని విని అంత పాత గోడల కోసం వెతక్కండి. 1833లో నిప్పంటుకుని చాలా భాగం కాలిపోయింది. 1335 ప్రాంతంలో కట్టిన హ్రెల్యో బురుజు నిలిచింది. తక్కినదంతా 1834 నుంచి దాదాపు ముప్ఫై ఏళ్లపాటు, తుర్కుల పాలనలోనే, దేశమంతటి నుంచి వచ్చిన విరాళాలతో కట్టారు. కోప్రివ్‌ష్టిత్సా వంటి ఊళ్లు తమ యాత్రికుల కోసం విడిగా గదులు అలంకరించి ఇచ్చాయి. తిరుమలలో సత్రాలు చూసిన మీ నాన్నగారికి ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు.

చర్చిలో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, ఫొటోలు తీయకూడదు. 1,147 మీటర్ల ఎత్తు కాబట్టి వేసవిలోనూ స్వెట్టర్లు ఉండాలి. వీసా, బీమా వివరాలు దౌత్య కార్యాలయం సైటులో దొరుకుతాయి. కొవ్వొత్తుల సంగతి మాత్రం అక్కడ దొరకదు. మా అమ్మ పేరున ఒకటి వెలిగించి, పైవరుస నిండుగా ఉందని కింద ఇసుకలో గుచ్చాను. పక్కనున్న ముసలావిడ ఎవరికోసమని సైగ చేస్తే ఫోనులో అమ్మ ఫొటో చూపించి, ఇంట్లో ఉందన్నాను. ఆవిడ గబుక్కున కొవ్వొత్తి పీకి పైన పెట్టి, మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుంది. కింద పెట్టేది పోయినవారికట.

భోజనానికి హోటలు వద్దు, పులిహోర కలిపి తీసుకువెళ్లి ఏటి ఒడ్డున తినండి. మఠం వెనుక కొట్లో వేడివేడిగా మెకిత్సీ అమ్ముతారు. నూనెలో పొంగిన పిండిరొట్టె మీద చక్కెరపొడి చల్లి ఇస్తారు, మీ అమ్మగారికి నచ్చుతుంది. చిల్లర దగ్గర ఉంచుకోండి.

ఈ ఏడాది, అంటే 2026 నుంచి ఇక్కడ యూరోలు వచ్చాయి. బల్గేరియా ఒక యూరో నాణెం మీదున్న బొమ్మ రీలా ఇవాన్‌ది. ఆయన ఈ మఠానికి మూలమైన సన్యాసి, ఈ కొండల్లో గుహలో బతికినవాడు. రాజు పీటర్ బంగారం పంపితే తిండి మాత్రం ఉంచుకుని బంగారం తిప్పి పంపాడని కథ. పాత ఒక లెవా నాణెం మీదా ఆయనే ఉండేవాడు. 2015లో మా అమ్మ వచ్చినప్పుడు ఈ కథ విని, నా జేబులోంచి ఒక లెవా తీసుకువెళ్లి పూజగదిలో పెట్టుకుంది. లెవాలు చెల్లవు గాని జాతీయ బ్యాంకు ఇప్పటికీ మార్చి ఇస్తుంది, యాభై ఒక్క సెంట్లు వస్తాయని మొన్న ఫోనులో చెప్పాను. ఇవ్వనంది.