ఆ కానిస్టేబుల్ ఎక్కడ? (ఒక యువ రచయిత్రికి లేఖ)

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన చారిత్రక కథ చదివాను. భాష బాగుంది, వాక్యం నీ మాట వింటోంది. ఈ వయసులో అది చాలా పెద్ద సంగతి. మెచ్చుకోలు ఇంతటితో ఆపి, నాకు నచ్చని చోట్లకి నేరుగా వచ్చేస్తాను, ఏమీ అనుకోకు.

1637 నాటి ఇంగ్లండ్ కథ అన్నావు. ఒకటో చార్లెస్ రాజును సింహాసనం మీద కూర్చోబెట్టావు, రాజు అడిగిన పన్ను కట్టనన్న జాన్ హాంప్డెన్‌ను కోర్టులో నిలబెట్టావు, మధ్యలో పార్లమెంటు సభ్యుల చేత పేజీలకు పేజీలు ప్రసంగాలు చేయించావు. అప్పుడు పార్లమెంటే లేదు కదమ్మా! 1629లో ఇంటికి పంపేసిన పార్లమెంటును రాజు మళ్లీ 1640 ఏప్రిల్ దాకా పిలవలేదు. నీ కథ జరిగేదంతా ఆ పదకొండేళ్ల ఖాళీలోనే. ఆ ఖాళీ వల్లే కదా కథ పుట్టింది.

రాజుకు డబ్బు కావాలి. పార్లమెంటు ఒప్పుకోనిదే పన్ను వేయనని 1628లో పిటిషన్ ఆఫ్ రైట్‌కు తల ఊపి కూర్చున్నాడు. అందుకని పన్ను అనే పేరు పెట్టకుండా పన్ను వేసే దారి వెతికారు. యుద్ధభయం వచ్చినప్పుడు రేవు పట్టణాలు రాజుకు ఓడలు సమకూర్చాలని ఒక పాత ఆచారం ఉండేది. దాన్ని బూజు దులిపి 1634లో రేవుల మీద ప్రయోగించారు. మరుసటి ఏడు సముద్రం మొహం చూడని జిల్లాలకు కూడా తాఖీదులు వెళ్లాయి. బకింగ్‌హామ్‌షైర్ వంతుకు 450 టన్నుల ఓడ పడింది, లేదంటే 4,500 పౌండ్లు. చుట్టూ పొలాలు, గొర్రెల మందలు తప్ప ఏమీ లేని చోట ఓడ ఎక్కడ కడతారు? కావలసింది డబ్బేనని అందరికీ తెలుసు. దీన్నే షిప్ మనీ అన్నారు.

ఇంతవరకు నీకూ తెలుసు, కథలో రాశావు కూడా. ఆ 4,500 పౌండ్లు ఎవరు, ఎలా, ఎవరి గుమ్మం ఎక్కి వసూలు చేశారన్నది మాత్రం నీ కథలో ఎక్కడా లేదు. ఒకే ఒక్క వాక్యంలో 'కర్కశుడైన కానిస్టేబుల్' లాఠీ ఊపుకుంటూ వచ్చి పోయాడు. ఈ ఉత్తరం అంతా అతని గురించే అనుకో.

ఆనాటి ఇంగ్లండ్ రాజుకు ఊళ్లలో జీతమిచ్చి పెట్టుకున్న ఉద్యోగులంటూ దాదాపు ఎవరూ లేరు. జిల్లాకొక షెరిఫ్ ఉంటాడు. అతను ఆ జిల్లా భూస్వామే, ఏడాది పాటు ఆ బరువు మోయాలి. తీర్పులు చెప్పే జస్టిస్ ఆఫ్ ది పీస్ కూడా స్థానిక పెద్దమనిషే, జీతం లేదు. అందరికంటే కింద పారిష్ (అంటే ఒక చర్చి పరిధిలోని ఊరు) కానిస్టేబుల్. అతనొక మామూలు రైతో, కమ్మరో, చర్మకారుడో. వంతు వచ్చిందని ఒక ఏడాది ఆ పని నెత్తిన వేసుకున్నవాడు. దొంగను పట్టుకోవడం, దేశదిమ్మరిని ఊరు దాటించడం, పన్ను వసూలు చేయడం, అన్నీ అతనే చూసుకోవాలి. అదీ సొంత పొలం పని మానుకుని. చాలామందికి సంతకం రాదు, వేలి గుర్తో, ఏదో ఒక గీతో గీసేవారు. పదవి ముగిసిన మర్నాటి నుంచి మళ్లీ అదే వీధిలో అదే మనుషుల మధ్య బతకాలి. నీ కథలోని లాఠీవాడు ఇంకే దేశం నుంచో, ఇంకే కాలం నుంచో వచ్చాడు.

మన పాఠకులు వెంటనే కరణం, మునసబుతో పోల్చుకుంటారు. ఆ పోలిక కథలో రానివ్వకు. మన కరణానికి అది తాతల నాటి హక్కు, లెక్కల పుస్తకం అతని చేతిలో ఉన్న ఆయుధం. అక్కడి కానిస్టేబుల్‌కు అది ఎప్పుడు తీరుతుందా అని రోజులు లెక్కపెట్టుకునే వంతు పని. ఈ తేడా నీకు బాగా పనికొస్తుంది.

ఇప్పుడు వసూలు సంగతి. లండన్ నుంచి తాఖీదు షెరిఫ్‌కు వస్తుంది. మొత్తానికి జవాబుదారీ అతనే. బాకీ మిగిలితే రాజు సలహా మండలి అయిన ప్రీవీ కౌన్సిల్ అతన్నే పట్టుకుంటుంది, పదవి దిగిపోయాక కూడా వదలదు. అతను ఆ మొత్తాన్ని హండ్రెడ్ అనే తాలూకా లాంటి భాగాలకు, అక్కణ్ణుంచి పారిష్‌లకు పంచుతాడు. పారిష్‌లో అంచనాదారులు కూర్చుని ఎవరి వంతు ఎంతో రాస్తారు. కానిస్టేబుల్ ఆ కాగితం పట్టుకుని గుమ్మాలెక్కుతాడు. ఇవ్వనంటే జప్తు చేయాలి. ఆవునో, ఇత్తడి పాత్రనో పట్టుకొస్తాడు, దాన్ని అమ్మి పన్ను తీసుకుని మిగతాది తిరిగి ఇవ్వాలి. మరి ఆ ఆవును కొనేదెవరు? పక్కింటివాడి ఆవును పాట పాడి కొనడానికి ఊళ్లో ఎవరూ ముందుకు రారు. నాకైతే నీ కథ అక్కడ మొదలవ్వాలనిపిస్తుంది. రచ్చబండ దగ్గర కట్టేసిన ఆవు, దాని పక్కన దిక్కుతోచక నిలబడిన కానిస్టేబుల్, అటువైపు చూడకుండా నడిచిపోతున్న ఊరు. ప్రసంగాలు ఆ తరువాత చూసుకోవచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి. షిప్ మనీ మొదటి ఏళ్లలో దాదాపు మొత్తం వసూలైంది. తిట్టుకుంటూనే కట్టారు. అప్పటి గొడవల్లో ఎక్కువ భాగం 'ఈ పన్ను చట్టబద్ధమా' అన్నదాని మీద రాలేదు. 'నాకింత, వాడికంతేనా' అన్నదాని మీద వచ్చాయి. నా పొలం ఆ పారిష్‌లో ఉంది, ఇల్లు ఈ పారిష్‌లో ఉంది, రెండుచోట్లా ఎందుకు కట్టాలి? పక్క హండ్రెడ్‌కు తక్కువెందుకు వేశారు? చెస్టర్ పట్టణానికీ దాని చుట్టూ ఉన్న జిల్లాకూ గ్లోవర్‌స్టోన్ అనే చిన్న పేట ఎవరి లెక్కలోకి రావాలన్న తగాదా వచ్చి, ప్రీవీ కౌన్సిల్ దాకా ఎక్కింది. నీ కథలో ఊరంతా ఒక్క గొంతుతో స్వేచ్ఛ గురించి మాట్లాడుతోంది. నేనైతే ఆ ఊళ్లో సగం మందిని అంచనాదారుడి బావమరిదికి ఎంత వేశారో ఆరా తీసేలా రాస్తాను. వాళ్లు చెడ్డవాళ్లని చెప్పడానికి కాదు సుమా. హక్కుల మాట చాలా చోట్ల ఇలాంటి లెక్కల తగాదాలోంచే నోటికొచ్చింది.

హాంప్డెన్‌ను చిరుగుల కోటుతో చూపించావు. అది చదివి నవ్వొచ్చింది, మన సినిమాల ప్రభావం. ఆయన బకింగ్‌హామ్‌షైర్‌లో పేరుమోసిన ధనవంతుల్లో ఒకడు. కోర్టుకెక్కిన మొత్తం స్టోక్ మాండెవిల్ భూమి మీద వేసిన ఇరవై షిల్లింగులు, అంటే ఒక్క పౌండు. పల్లెలో కూలివాడికి రోజుకు ఒక షిల్లింగు కూడా గిట్టని కాలం. కూలివాడికి అది ఇంచుమించు నెల కష్టం, హాంప్డెన్‌కు అసలు లెక్కలోది కాదు. అంత చిన్న మొత్తం గనకే కేసు పెద్దదైంది. లేక ఇవ్వలేదని ఎవరూ అనలేరు కదా.

నీకు నిజంగా కావలసిన ఊరు స్టోక్ మాండెవిల్ కాదు, గ్రేట్ కింబుల్. అక్కడ కట్టనన్నవాళ్ల జాబితా ఒకటి మిగిలి ఉంది. మొదటి పేరు జాన్ హాంప్డెన్, పక్కన 31 షిల్లింగుల 6 పెన్నీలు. కిందికి వస్తున్నకొద్దీ మొత్తాలు చిన్నవవుతాయి, పేర్లు మామూలు రైతులవి అవుతాయి. ఆ పేర్లలో జాబితా తయారుచేసి పంపాల్సిన అంచనాదారులూ కానిస్టేబుళ్లూ కూడా ఉన్నారు! 'అయ్యా, కట్టనన్నవాళ్లు వీళ్లు, వాళ్లలో మేమూ ఉన్నాం' అని పై అధికారికి తామే రాసిచ్చారు. హాంప్డెన్‌కు లాయర్లున్నారు, బంధుబలం ఉంది. ఈ కానిస్టేబుళ్లకు ఏముంది? రేపు షెరిఫ్ మనిషి వస్తే వాళ్లింట్లో ఆవు కూడా పోతుంది. ఆ కాగితం మీద తన పేరు తానే రాయించుకున్న రాత్రి అతని ఇంట్లో భార్యతో జరిగిన మాటలు ఏ రికార్డులోనూ లేవు. అవి రాయడానికే కదా కథకులం ఉన్నది.

ఆ జాబితా తేదీ దగ్గర ఒక మెలిక ఉంది. కాగితం మీద 1635 జనవరి అని ఉంటుంది, మన లెక్కలో అది 1636. వాళ్లకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, 1752 దాకా ఇంగ్లండ్‌లో అదే పద్ధతి. ఇది తెలియక చాలామంది తాఖీదు వెళ్లకముందే ఊరు తిరగబడినట్టు రాసేస్తుంటారు. జనవరి నుంచి మార్చి 24 దాకా ఏ తేదీ కనబడినా ఒకసారి ఆగి చూసుకో.

కోర్టు సన్నివేశం బాగానే వచ్చింది కానీ కుదించు. పన్నెండుమంది జడ్జీల్లో ఏడుగురు రాజు పక్షం, అయిదుగురు హాంప్డెన్ పక్షం, 1638 జూన్‌లో తీర్పు. ఆ ఏడుగురిలో బర్క్‌లీ అనే జడ్జి, చట్టమే రాజని నేనెక్కడా చదవలేదు, రాజే చట్టమన్నదే సత్యం అన్నాడు. ఆ ఒక్క మాట ఉంచు చాలు. గెలిచిన తీర్పే రాజు కొంప ముంచింది. గట్టి మెజారిటీ లేదని దేశమంతా తెలిసిపోయింది, 1639లో వేసిన పన్నులో చాలా భాగం వసూలే కాలేదు. మన పాఠకుల కోసం ఒక పక్కమాట వేసుకుంటే వేసుకో: సరిగ్గా అదే ఏడాది, ఇదే రాజు ఏలుబడిలోని ఈస్టిండియా కంపెనీవాళ్లు దామెర్ల వేంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసులో కోట కట్టుకోవడానికి అనుమతి సంపాదించారు. ఒక వాక్యం దాటనివ్వకు, అది వేరే కథ.

చదవడానికి ఏం చదవాలని అడిగావు. ఆనాటి పార్లమెంటు శాసనాలు బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ముందు వాటిని చదివి చూడు. చరిత్రకారుల పుస్తకాలు తర్వాత చదువు. శాసనం పీఠికలో ప్రభుత్వం తన గురించి తాను ఏం చెప్పుకుంటోందో ఉంటుంది, కింద జరిమానాల దగ్గర జనం ఏం చేస్తున్నారో ఉంటుంది. పేదల పోషణకు 1601లో చేసిన చట్టమే తీసుకో. ప్రతి పారిష్‌లో ఏటా ఈస్టర్ రోజుల్లో కొందరు గృహస్థులను పేదల పర్యవేక్షకులుగా నియమించాలి, వాళ్లు పొరుగువాళ్ల దగ్గర పన్ను వసూలు చేసి పొరుగువాళ్లకే పంచాలి. చదవడానికి ఎంత బాగుందో! 1662లో ఇంకో చట్టం వచ్చింది. ఊరికి కొత్తగా వచ్చి ఏడాదికి పది పౌండ్లకంటే తక్కువ అద్దె ఇంట్లో దిగినవాళ్లు రేపు భారమవుతారనిపిస్తే, నలభై రోజుల లోపల వెనక్కి పంపేయొచ్చు. దాంతో పుట్టే బిడ్డ తమ లెక్కలో పడుతుందని నిండు గర్భిణులను పొలిమేర దాటించిన పారిష్‌లున్నాయి. ఆ పని చేయించింది ఏ రాజూ కాదు, పన్ను కట్టే మామూలు గృహస్థులు. ఇది వేరే కథకు దాచుకో, నీకు రాకపోతే నేను రాసుకుంటాను.

అదే 1662లో వచ్చిన పొయ్యి పన్ను గురించి కూడా అడిగావు. పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగులు, రెండు వాయిదాలు. మొత్తం కన్నా జనానికి మండింది లెక్కపెట్టే పద్ధతి చూసి. ముక్కూమొహం తెలియనివాడు ఇంట్లో జొరబడి వంటిల్లు, పడగ్గది అన్నీ తిరిగి పొయ్యిలు లెక్కపెడతాడు. పొగగూళ్లు ఇటుకలతో మూసేసి తప్పించుకోజూసినవాళ్లు ఉన్నారు. 1689లో దాన్ని రద్దు చేసిన చట్టమే, ఎవరో తెలియని మనుషులు ఇష్టం వచ్చినప్పుడు ప్రతి ఇంట్లో దూరి వెతకడం జనమందరి మీదా వేసిన బానిసత్వపు ముద్ర అని రాసుకుంది. మొదట్లో ఆ లెక్క తీసిందీ కానిస్టేబులే, తరువాత బయటివాళ్లను దించారు. తెలిసినవాడొస్తే మొహమాటం, తెలియనివాడొస్తే అవమానం. ఏది ఎక్కువ బాధో నీ పాత్రల చేత చెప్పించు.

కిటికీ పన్ను, భూమి పన్ను గురించి నీ నోట్సులో పేజీలున్నాయి. ఈ కథకు అక్కర్లేదు, తీసెయ్.

చివరగా ముగింపు. రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన యుద్ధంలో హాంప్డెన్ గాయపడి చనిపోవడంతో ముగించి, అప్పటినుంచి పార్లమెంటు ప్రజలను పన్నుల బాధ నుంచి విడిపించిందని రాశావు. 1641లో షిప్ మనీని రద్దు చేసిన మాట నిజమే. కానీ ఆయన పోయింది 1643 జూన్‌లో. మరుసటి నెలలోనే అదే పార్లమెంటు బీరు మీద, పొగాకు మీద, వైన్ మీద ఎక్సైజ్ వేసింది. తరువాత మాంసానికీ ఉప్పుకీ పాకింది. 1647లో లండన్ స్మిత్‌ఫీల్డ్ సంతలో జనం తిరగబడి ఎక్సైజ్ ఆఫీసు తగలబెట్టాక మాంసం మీదా, దేశంలో తయారయ్యే ఉప్పు మీదా ఎత్తేశారు. 1649 నాటికి సైన్యం కోసం పార్లమెంటు వేసిన పన్ను నెలకు 90,000 పౌండ్లు. షిప్ మనీ ఏడాదికి రెండు లక్షలకు అటూఇటూ ఉండేది. అంటే రాజు ఏడాదంతా అడిగినదాన్ని వీళ్లు మూడు నెలలు తిరగకుండానే రాబట్టారు. అదీ చట్టబద్ధంగా. ఊళ్లో వసూలుకు వెళ్లింది మళ్లీ ఆ కానిస్టేబులే, లేదా ఆ ఏడాది వంతు వచ్చిన అతని పక్కింటివాడు.

కాబట్టి హాంప్డెన్ చావు దగ్గర ఆపకు, ఒక్క నెల ముందుకు జరుగు. గ్రేట్ కింబుల్‌లో తన పేరు తానే రాసిచ్చిన మనిషి చేతికి ఈసారి పార్లమెంటు కాగితం వస్తుంది. అతను వసూలు చేస్తాడా, మానేస్తాడా? అది నువ్వు తేల్చి, రెండో ప్రతి దసరా లోపల పంపు. ప్రసంగాలు రెండు పేజీలు దాటితే నేను చదవను, ముందే చెబుతున్నాను.