కణం మీది వెంట్రుకలపై పీహెచ్‌డీ కూడు పెడుతుందా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. నేను తాపీ మేస్త్రీని. అమ్మాయి బీఎస్సీ బోటనీ చివరి ఏడాది. బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటే వినడం లేదు. కణాల మీద వెంట్రుకల్ని కట్టే ప్రొటీన్లపై పరిశోధన చేస్తుందట. మన ఉద్దానం కిడ్నీ జబ్బు గుట్టు అందులోనే ఉందంటుంది. నమ్మొచ్చా?

జవాబు: ఉద్దానం సంగతి ముందు తేల్చేద్దాం, ఆశ పెట్టి తర్వాత ఉసూరుమనిపించడం నాకిష్టం లేదు. ఆ వెంట్రుకల్ని సీలియా అంటారు. ఐఎఫ్‌టీ-88 అనే ప్రొటీన్ లేకపోతే అవి సరిగా పెరగవు. కిడ్నీల నిండా నీటితిత్తులు వచ్చే ఒక రకం ఎలుకల్లో చెడింది ఆ ప్రొటీన్ జన్యువేనని 2000లో బయటపడింది. అమ్మాయి చదివింది ఇదే అయ్యుంటుంది. కానీ ఉద్దానంలోది తిత్తుల జబ్బు కాదు, దాని కారణం ఇంకా తేలలేదు. ఆ జబ్బు మీదే పనిచేయాలనుంటే ప్రజారోగ్యం వైపు వెళ్లాలి, అది వేరే దారి.

ఇక ఆమెను పట్టి లాగుతున్న విషయం. క్లామిడోమోనాస్ బొమ్మ ఆమె రికార్డులో గీసే ఉంటుంది, చెరువు పాచిలో ఉండే ఏకకణ జీవి, రెండు కశాభాలు, అంటే ఆ సీలియాలాంటివే. అవి తెగిపోతే రెండు గంటల్లో దాదాపు మళ్లీ మొలుస్తాయి. కశాభం లోపల ప్రొటీన్ తయారీ ఉండదు. ట్యూబ్యులిన్ అనే ఇటుక కిందినుంచే రావాలి, కట్టడం మాత్రం కొసన జరుగుతుంది. పై అంతస్తుకు ఇటుక అందించే కూలీ లేకపోతే మీ పని ఆగదూ? ఇక్కడా అంతే. కొన్ని ఇటుకలు వాటంతటవే కొసకు చేరతాయి, మరికొన్నిటిని ఐఎఫ్‌టీ-81, ఐఎఫ్‌టీ-74 అనే ప్రొటీన్లు కలిసి పట్టుకుంటాయి, కైనేసిన్ అనే మోటారు ప్రొటీన్ పైకి లాగుతుంది. ఖాళీ తట్టలు దించేది డైనీన్ అనే ఇంకో మోటారు ప్రొటీన్. ఈ రాకపోకల్ని 1993లో యేల్ యూనివర్సిటీవాళ్లు మైక్రోస్కోపులో మొదటిసారి చూశారు.

కూటి మాటకొస్తే, ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్, గాట్-బీ, సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షలు మూడూ రాయించండి. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్లయ్యాక 42,000. మొత్తం ఏడెనిమిదేళ్ల పని, ఆ మధ్యలో పెళ్లి మాట ఎత్తితే ఇంట్లో గొడవే, ముందే మాట్లాడుకోండి. పీహెచ్‌డీ అయినా ప్రొఫెసర్ కొలువు ఖాయం కాదు. ప్రొటీన్ శుద్ధి చేయడం, మంచి మైక్రోస్కోపు నడపడం వచ్చినవాళ్లకు హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో మాత్రం పని దొరుకుతుంది.

బీఈడీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు. జామ్ దరఖాస్తు గడువు మాత్రం ఏటా దసరా, దీపావళి రోజుల్లోనే దాటిపోతుంది. ముందు అది నింపించండి.