మీ ప్రశ్న – నా జవాబు: ఆఫీసు వాళ్లు నా మెయిల్ చూడొచ్చా?

ప్రశ్న: సార్, మాది ఉద్దానం వైపు పల్లె. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు కంపెనీలో బిల్లింగ్ పని చేస్తున్నాను. నాన్నకు డయాలసిస్ జరుగుతోంది. పలాస ఆసుపత్రి సంగతులు, ఆరోగ్యశ్రీ కాగితాల సంగతి భోజనాల టైములో ఆఫీసు కంప్యూటరులోనే చూసుకుంటాను. రిపోర్టులు నా సొంత జీమెయిల్‌కి వస్తే అక్కడే తెరుస్తాను. మొన్న మీటింగులో మా టీమ్ లీడరు అందరి ముందూ, ‘మీ నాన్నగారి క్రియాటినిన్ ఎంతో నాకూ తెలుసు, మరి పెండింగ్ బిల్లుల సంగతేంటి?’ అన్నారు. ఏడుపొచ్చేసింది. ఇప్పుడు ‘కంప్యూటర్, ఇంటర్నెట్ వాడకం నియమాలు’ అంటూ ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటున్నారు. నా ఫోనులో కూడా ఆఫీసు యాప్ వేసుకోవాలట. నా మెయిల్ చూసే హక్కు వాళ్లకుందా? సంతకం పెట్టకపోతే ఏమవుతుంది? చాలా టెన్షన్‌గా ఉంది.
– పేరు వద్దు, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, ముందుగా ఆ మీటింగు మాట. అది తప్పు, అందులో మీ పొరపాటు ఏమీ లేదు. నేను ఉద్యోగకాలమంతా ఆఫీసుల్లో నెట్‌వర్క్ చూసినవాణ్ణి. ఎవరు ఏ సైటు తెరిచారు, ఎంతసేపు ఉన్నారు అన్న లాగ్ నా ముందే ఉండేది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి మొదటి నియమం ఒకటే: పని కోసం చూసినది పని దాటి నోట రాకూడదు. కన్నతండ్రి జబ్బును పదిమందిలో ఎత్తిచూపడం పర్యవేక్షణ అనిపించుకోదు.

ఇక మీ టీమ్ లీడరుకు ఆ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) అంకె ఎలా తెలిసిందన్నది ముఖ్యం. మామూలు లాగ్ దాకా అయితే అంత తెలియదు. జీమెయిల్ లాంటి సైట్లకు వెళ్లే సమాచారం తాళం వేసి వెళ్తుంది. ఉత్తరం ఎవరికొచ్చిందో పోస్టుమ్యాన్‌కి కవరు మీద కనిపించినట్టు, మీరు జీమెయిల్ తెరిచారని మాత్రమే ఆఫీసు నెట్‌వర్క్‌కు తెలుస్తుంది. లోపలి రిపోర్టు కనిపించదు. కాబట్టి వేరే దారి ఏదో ఉంది.

ఒకటి, మీ కంప్యూటరులో కొన్ని నిమిషాలకోసారి స్క్రీన్ ఫొటో తీసే సాఫ్ట్‌వేర్ ఉండి ఉండొచ్చు. ఇది ఉంటే వాట్సాప్ వెబ్ అయినా, బ్యాంకు పేజీ అయినా మీకు కనిపించేదంతా వాళ్లకూ కనిపిస్తుంది. బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో అనే ప్రైవేటు విండో వాడినా లాభం లేదు, అది ఆ కంప్యూటరు హిస్టరీలో పేరు పడకుండా ఆపుతుందంతే. రెండోది, కొన్ని కంపెనీలు తమ సర్టిఫికెట్‌ను (సైటు అసలైనదేనని బ్రౌజరుకు చెప్పే డిజిటల్ గుర్తింపు పత్రం) ఆఫీసు కంప్యూటర్లలో వేసి, ఫైర్‌వాల్ (ఆఫీసు ఇంటర్నెట్‌కు కాపలా కాసే పరికరం) దగ్గరే ఆ తాళం తీసి చూస్తాయి. బ్రౌజరులో అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి సర్టిఫికెట్ ఎవరిచ్చారో చూడండి. గూగుల్ పేరుండాల్సిన చోట మీ కంపెనీ పేరో, ఫైర్‌వాల్ పేరో కనిపిస్తే సంగతి అదే.

మూడోది నాకు ఎక్కువ అనుమానంగా ఉంది. మీరు లాగౌట్ చేయకుండా లేచి వెళ్తే, మీ సీట్లో ఎవరో కూర్చుని మెయిల్ తెరిచి ఉండొచ్చు. కంప్యూటరులో జీమెయిల్ ఇన్‌బాక్స్ అడుగున కుడివైపు ‘డీటెయిల్స్’ అని చిన్నగా ఉంటుంది. నొక్కితే ఈమధ్య ఏయే వేళల్లో అకౌంటు తెరిచారో వస్తుంది. మీరు సీట్లో లేని సమయం కనిపిస్తే ఫొటో తీసి దాచుకోండి. ఈరోజే పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయండి.

ఈ తేడా ఎందుకంటే చట్టం దగ్గర మూడూ ఒకటి కావు. కంప్యూటరు కంపెనీది, ఆఫీసు మెయిలూ కంపెనీదే. మీరు డిలీట్ చేసిన ఆఫీసు మెయిల్ కూడా ఆర్కైవ్‌లో మిగిలి ఉండొచ్చు, అడ్మిన్ దాన్ని తీసి చూడగలడు. మీ సొంత జీమెయిల్ మాత్రం కంపెనీది కాదు. అనుమతి లేకుండా, దురుద్దేశంతో అందులోకి వెళ్లినట్టు రుజువైతే 2000 నాటి ఐటీ చట్టంలోని 43, 66 సెక్షన్లు వర్తించే అవకాశం ఉంది. శిక్ష 3 ఏళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది కదా అని మీరు అడగొచ్చు. నిజమే. కానీ అది ముఖ్యంగా ప్రభుత్వం ముందు నిలబెట్టుకునే హక్కు, ప్రైవేటు యజమాని మీద నేరుగా వాడుకోవడం కష్టం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఉద్యోగ అవసరాలకు, కంపెనీ నష్టపోకుండా కాపాడుకోవడానికి, ఉద్యోగి సమ్మతి లేకుండానే డేటా వాడుకోవచ్చంటోంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి. ఆ మినహాయింపు అంత వెడల్పుగా ఉండడం నాకు నచ్చలేదు. అయినా నాన్నగారి ల్యాబ్ రిపోర్టు ఏ ఉద్యోగ అవసరం కిందకు వస్తుందో మీ కంపెనీయే చెప్పాలి.

రొమేనియాలో బార్బులెస్కు అనే ఇంజనీరు ఆఫీసు పని కోసం తెరిచిన యాహూ మెసెంజర్‌లో సోదరుడితో, కాబోయే భార్యతో మాట్లాడాడని 2007లో ఉద్యోగం తీసేశారు. పదేళ్ల తర్వాత, 2017 సెప్టెంబరులో, యూరప్ మానవ హక్కుల కోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది. నిఘా ఉంటుందని, ఎంత లోతుగా ఉంటుందని అతనికి ముందే చెప్పారా అన్నది అక్కడి కోర్టులు సరిగా చూడలేదని తేల్చింది. ఆ తీర్పు మనకు వర్తించదు. ఆ ప్రశ్న మాత్రం మీరూ అడగండి: ముందే చెప్పారా?

అందుకే ఆ కాగితం వచ్చినందుకు భయపడకండి. నియమాలు కాగితం మీద ఉండడమే మీకు మేలు. సంతకం పెట్టనని మొండికేస్తే ఒత్తిడి మీ మీదే పడుతుంది. కాపీ తీసుకుని ఇంటి దగ్గర నిదానంగా చదవండి. తర్వాత హెచ్‌ఆర్‌కి మర్యాదగా మెయిల్ పెట్టండి: స్క్రీన్ ఫొటోలు తీస్తున్నారా, వాటిని ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు దాస్తారు, పొరపాటున సొంత విషయాలు కనిపిస్తే ఏం చేస్తారు? మీటింగులో జరిగినది కూడా తేదీతో సహా అందులోనే రాయండి. జవాబు వచ్చినా రాకపోయినా ఆ మెయిల్ రేపు మీకు సాక్ష్యం. ఆఫీసు మెయిల్ నుంచే పంపి, ఒక ప్రింటు ఇంట్లో పెట్టుకోండి.

ఫోను విషయంలో గట్టిగా ఉండండి. ఆండ్రాయిడ్‌లో ‘వర్క్ ప్రొఫైల్’ అని వేరే అర ఉంటుంది, అందులోని యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేసు గుర్తు కనిపిస్తుంది. అలాగైతే ఆఫీసు వాళ్లు ఆ అర వరకే చూడగలరు, చెరిపినా అదే పోతుంది. మామూలు యాప్ వేసి లొకేషన్, కాంటాక్టులు, మెసేజ్‌లు, డివైస్ అడ్మిన్ (ఫోనును అదుపు చేసే అధికారం) అన్నిటికీ అనుమతి అడిగితే ఇవ్వకండి. నాన్నగారి ఫొటోలున్న ఫోను మొత్తాన్ని దూరం నుంచి చెరిపేసే అధికారం ఎవరి చేతికీ ఇవ్వక్కర్లేదు. పనికి అంత అవసరమైతే కంపెనీ ఫోను ఇమ్మనండి.

ఇకమీదట ఆసుపత్రి విషయాలు మీ ఫోనులో, మీ డేటాతోనే చూసుకోండి. వాళ్లు వేధిస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా సరే.

ప్రశ్న: విజయనగరంలో మందుల హోల్‌సేల్ చేస్తున్నాను. కుర్రాళ్లు పనివేళ క్రికెట్ చూస్తున్నారు. ఈమధ్య మా కస్టమర్ల లిస్టు పోటీ షాపుకి వెళ్లిపోయింది. ఎవరికీ చెప్పకుండా స్క్రీన్లు చూసే సాఫ్ట్‌వేర్ వేద్దామని మా అబ్బాయి అంటున్నాడు. వేయమంటారా?
– ఒక వ్యాపారి, విజయనగరం

జవాబు: చెప్పకుండా వద్దండి. పైనున్న అమ్మాయి ఉత్తరం చదవండి, మీ షాపులో కూడా ఎవరో ఒకరి ఇంట్లో అలాంటి కష్టం ఉంటుంది. మీ రెండు సమస్యలకూ స్క్రీన్ చూడక్కర్లేదు. క్రికెట్ సైట్లను పనివేళల్లో రౌటరులోనే ఆపేయొచ్చు. లిస్టు పోయిందంటే అది అందరి చేతికీ అందేలా ఉందన్నమాట. మీ లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ అయితే, అందులో ఒక్కొక్కరికి వేరే లాగిన్ ఇచ్చి, ఎవరి పనికి కావలసినది వాళ్లకే తెరవండి. ఎక్స్‌పోర్ట్ (లిస్టును ఫైలుగా బయటికి తీసే) అనుమతి మీ దగ్గరే ఉంచుకోండి. ఎడిట్ లాగ్ ఉన్న వెర్షన్ వాడితే వోచర్లు ఎవరు మార్చారో తెలుస్తుంది. పెన్‌డ్రైవ్‌లు పనిచేయకుండా చేయించండి.

ఏం గమనిస్తారో, ఏం గమనించరో తెలుగులో ఒక పేజీ రాసి, అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించండి. ఎవరైనా పని మానేస్తే వాళ్ల లాగిన్ ఆ సాయంత్రమే తీసేయండి.