కవర్ల మీద రీసెర్చ్ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి తెనాలిలో బీఏ ఎకనామిక్స్ ఫైనలియర్ చదువుతోంది. నిషేధం పెట్టినా ప్లాస్టిక్ కవర్లు ఎందుకు ఆగడం లేదో రీసెర్చ్ చేస్తానంటోంది. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో చేర్పించమంటారా? దీంట్లో ఉద్యోగాలుంటాయా? టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: ఎమ్మెస్సీ వద్దండి. మట్టిలో, నీళ్లలో ప్లాస్టిక్ ఎంతుందో పరీక్షించాలంటే ఆ కోర్సు సరే. మీ అమ్మాయి అడుగుతున్నది మాత్రం అచ్చంగా ఎకనామిక్స్ ప్రశ్న, మంచి ప్రశ్న కూడా.

వరదల్లో ఢాకా డ్రైన్లు కవర్లతో పూడుకుపోతున్నాయని బంగ్లాదేశ్ 2002లోనే పల్చటి కవర్లను నిషేధించింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. అయినా 2024 అక్టోబరులో సూపర్‌మార్కెట్ల నుంచి నిషేధం అమలు మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. దక్షిణాఫ్రికా 2003లో కవరుకు 46 సెంట్ల (వాళ్ల రాండ్‌లో సగం కంటే కాస్త తక్కువ) ధర పెట్టింది. వాడకం ఒక్కసారిగా పడిపోయింది, ధర తగ్గించాక మళ్లీ పెరిగింది. మన దేశంలో 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పల్చటి క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషిద్ధం. సాయంత్రం కూరగాయల బజారుకు వెళ్లి చూడండి, మీకే తెలుస్తుంది.

అందుకే పక్క దేశం చట్టాన్ని తెచ్చి అతికిస్తే సరిపోదు. తోపుడు బండి అతనికి కవరు ఎంతకు పడుతోంది, గుడ్డ సంచి ఎంత, తనిఖీకి ఎవరొస్తున్నారు, జరిమానా నిజంగా వేస్తున్నారా అని ఊరూరా లెక్క తీసేవాళ్లు కావాలి. ఢిల్లీ కిరాణా కొట్లలో, నేపాల్ మున్సిపాలిటీల్లో ఇలాంటి అధ్యయనాలు జరిగాయి.

చదువుకు మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నా మొదటి మాట. సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్ చేసినా మంచిదే. ఎక్కడ చేరినా స్టాటిస్టిక్స్ గట్టిగా రావాలి. అది లేకపోతే ఈ రంగంలో వ్యాసాలు రాయడం తప్ప పనుండదు.

ఇక ఉద్యోగం. హైదరాబాద్‌లో సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్), ఆస్కీ (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా) లాంటి పరిశోధన సంస్థలున్నాయి. మొదట దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉండే కాంట్రాక్టు పోస్టులు. సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చుకుంటే మీకు నిరాశే. స్థిరపడాలంటే చాలామందికి పీహెచ్‌డీ తప్పదు. దక్షిణాసియా పరిశోధకులకు గ్రాంట్లిచ్చే సాండీ అనే నెట్‌వర్క్ ఖాట్మండూలో ఉంది, తర్వాత పనికొస్తుంది.

ఈ సెలవుల్లో తెనాలి మార్కెట్లోనే కొన్ని కొట్లు ఎంచుకుని, ఎంతమంది సంచి తెచ్చుకుంటున్నారో పొద్దున, సాయంత్రం లెక్క రాయమనండి. ఎండలో నాలుగు రోజులు తిరిగాక కూడా ఆసక్తి తగ్గకపోతే ఫీజు కట్టండి.